ఇర్వింగ్ ఇంట్లో ఇర్వింగ్ ఉన్నారా? ఎల్సీ డి వోల్ఫ్ నివాసంపై పరిశీలన

గచ్చిబౌలి, కొండాపూర్‌లలో ఫ్లాట్ తాళాలు చేతికి రాగానే ఇంటీరియర్ డిజైనర్‌ని పిలవడం ఇప్పుడు మామూలైంది. ఆ పనిని వృత్తిగా నిలబెట్టిన తొలితరంలో ఎక్కువగా వినిపించే పేరు అమెరికాకు చెందిన ఎల్సీ డి వోల్ఫ్. అయితే ఆమెను ‘మొట్టమొదటి’ డిజైనర్ అనడానికి ఆధారాలు చాలవు. క్యాండేస్ వీలర్ 1883 నాటికే న్యూయార్క్‌లో అసోసియేటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థను సొంతంగా నడుపుతున్నారు.

డి వోల్ఫ్ 1892 నుంచి 1911 వరకు నాటక ఏజెంట్ ఎలిజబెత్ మార్బరీతో కలిసి న్యూయార్క్‌లో, తూర్పు 17వ వీధి, ఇర్వింగ్ ప్లేస్ కలిసే మూలనున్న ఇంట్లో ఉన్నారు. ఆ ఇల్లు మాత్రం రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ నివాసంగా పేరుపడింది. గోడమీది ఫలకమూ అదే చెబుతుంది. ఆ వాదాన్ని ఇలా పరిశీలించవచ్చు.

1. ఇంటి నిర్మాణం 1843–44లో జరిగినట్లు అంగీకారం ఉంది. ఇర్వింగ్ 1842 నుంచి 1846 వరకు స్పెయిన్‌లో అమెరికా రాయబారి. తిరిగి వచ్చాక ఆయన స్థిరనివాసం టారీటౌన్ దగ్గరి సన్నీసైడ్. 1859లో మరణించినదీ అక్కడే. ఈ 17వ వీధి ఇంటి ప్రాంతంలో ఆయన అన్నదమ్ముల కొడుకు ఒకరు ఉండేవారు కనుక రాకపోకలు జరిగి ఉండవచ్చు. రాకపోకలు నివాసానికి రుజువు కావు.

2. వీధి పేరూ సాక్ష్యం కాదు. ఆ ప్రాంత స్థలాలను అభివృద్ధి చేసిన శామ్యూల్ రగుల్స్ ఆ పేరు పెట్టింది 1833లో, అంటే ఇల్లు లేవడానికి పదేళ్ల ముందు. బహుశా పేరే కథకు బీజమై ఉంటుంది.

3. ఇంతవరకు గుర్తించిన కథనాల్లో తొలిది 1897లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. అప్పటికి ఇర్వింగ్ పోయి దాదాపు నాలుగు దశాబ్దాలు. ఇంట్లో ఉన్నది డి వోల్ఫ్. 1913 నాటి తన పుస్తకంలోనూ ఆమె దాన్ని ఇర్వింగ్ ఇల్లనే వర్ణించారు. కథను ఆమే పుట్టించారా, విన్నదాన్నే నమ్మారా అన్నది ఇంతమాత్రాన తేలదు. దాన్ని వ్యాప్తి చేసినవారిలో ఆమె ఉన్నారని మాత్రం చెప్పవచ్చు.

ఇటువంటి చిక్కు మనకు కొత్తది కాదు. గచ్చిబౌలికి దగ్గర్లోని తారామతి బారాదరి ఉన్న ఇబ్రహీంబాగ్ పేరు ఇబ్రహీం కుతుబ్‌షా (1550–80) కాలాన్ని గుర్తుచేస్తుంది. తారామతి కథ మాత్రం అబ్దుల్లా కుతుబ్‌షా (1626–72) కాలానిదంటారు. అక్కడా పేరుకూ కథకూ పొంతన లేదు.

ఇర్వింగ్ నివాసం గురించిన వివాదంలో అసలు విషయం మరుగున పడింది. అదే ఇంటి భోజనాల గది ఫొటోలు రెండున్నాయి: ఒకటి 1896 నాటిది, రెండోది 1898 నాటిది. మొదటిదాంట్లో ముదురు రంగు చెక్క, కిక్కిరిసిన అలంకరణ. రెండోదాంట్లో తెల్లని రంగు, తేలికైన సామాను, గాలి ఆడే ఖాళీ. 1905లో న్యూయార్క్‌లోని మహిళల కాలనీ క్లబ్ అలంకరణ పని ఆమె చేతికి రాకముందే ఆమె పద్ధతి ఇక్కడ రూపుదిద్దుకుందని ఈ జత సూచిస్తోంది. ఆ గదుల్లోకి వచ్చిపోయిన అతిథులే తర్వాత పని ఇప్పించారని రూఢిగా చెప్పలేం. అది అసంభవం మాత్రం కాదు.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే న్యూయార్క్ నగరం ఆ ఇల్లున్న వీధి భాగాన్ని చారిత్రక ప్రాంతంగా గుర్తించింది. రుజువుల బలాన్ని బట్టి చూస్తే ఆ గోడమీది ఫలకంపై ఉండవలసిన పేరు డి వోల్ఫ్‌దే.