నోటి పొగ, ఊపిరి పొగ

గోదావరి లంకలలో పండిన ఆకును చుట్టగా చుట్టి, అరుగుమీద కూర్చుండి, తీరికగా కాల్చుకొనిన మన పూర్వులు సాధారణముగా ఆ పొగను గొంతు దాటనీయలేదు. అందులకు కారణము ఆకు స్వభావమే. గాలికిని ఎండకును ఆరి, మాగిన నాటుపొగాకు పొగలో క్షారగుణము మెండగుటచే అది లోనికి పీల్చినవాని కంఠమును గీరుకొనిపోవును. అందలి నికొటిన్ నోటి లోపలి పొరనుండియే రక్తములో కలియును గనుక పీల్చవలసిన పనియును లేదు. కన్యాశుల్కములో గిరీశము వేంకటేశమునకు నేర్పిన విద్య ఈ చుట్టయే. ఇది నిరపాయమని నేననను. శ్రీకాకుళ, విశాఖ తీరములలో స్త్రీలు నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని కాల్చు అడ్డపొగ ఎన్నో అంగిళ్లను క్యాన్సరు పాలుచేసినది. అయినను ఆ కీడు ప్రధానముగా నోటియందే నిలిచెను.

ఆ హద్దు చెరిగినది గుంటూరు సీమలో. 1839లో అమెరికాలోని ఉత్తర కరోలినాయందు స్టీఫెన్ అను బానిస, పొగాకును ఆరబెట్టుచు, ఆరిపోవుచున్న నిప్పుపై బొగ్గులు వేయగా ఆకు బంగారువన్నె తేరెనట. ఆ వేడిపాకమే పెరిగి పెద్దదై, 1920 ప్రాంతమున మన నల్లరేగడిలో నాటుకొనిన వర్జీనియా పొగాకు వెంట 1928లో ఇచ్చటికిని వచ్చెను. స్త్రీలు పచ్చియాకును కర్రలకు కట్టి యిచ్చుచుండగా, ఆ కర్రలను బ్యారను అను కొట్టము లోపల వరుసమీద వరుసగా వ్రేలాడగట్టి, ఇనుపగొట్టములలో వేడిని పారించి, పొగ సోకనీయక ఐదాఱు దినములు కాగనిత్తురు. మొదట ఆకు పసుపువారును, పిదప ఈనె వఱకు ఎండును. ఈ పాకమున ఆకులోని చక్కెర నశింపక నిలుచును గావున, దాని పొగ ఆమ్లగుణము గలదై, చుట్టపొగవలె గొంతును గీరక, మెత్తగా ఊపిరిలోనికి జారును. ఆ మెత్తదనమే కీడునకు వాకిలి తెఱచినది.

లోనికి దిగిన పొగ తన పనిని జాగుచేయదు. నికొటిన్ సుమారు పది సెకండ్లలో మెదడును చేరును, గుండెవేగము హెచ్చును. శ్వాసనాళముల గోడలలోని కండరములు బిగిసి, కొన్ని నిమిషములలోనే గాలి నడచు దారి ఇఱుకగును. ఆ నాళములను నిరంతరము తుడుచుచుండు సూక్ష్మరోమములు మందగించుటచే, దుమ్మును మోసికొనిపోవలసిన శ్లేష్మము అక్కడనే పేరుకొనును. పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో రక్తములోని హిమోగ్లోబినును అంటుకొని, ఆ ప్రాణవాయువు చోటు నాక్రమించును. మేడమెట్లు నాలుగెక్కి, కమ్మి పట్టుకొని రొప్పుచు నిలుచు పాతికేండ్ల యువకుని చూచినప్పుడెల్ల నాకా బ్యారనులోని పసిమియాకు జ్ఞప్తికి వచ్చి మనసు కలుక్కుమనును.

పొగ ఊపిరితిత్తులకు అపాయకరమని ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ 1604లోనే గ్రంథము వ్రాసెను, వినినవారు లేరు. తుదకు 1950లో లండనులో డాల్, హిల్ అను పరిశోధకులు సిగరెట్టునకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును అంకెలతో చూపిరి.

దీర్ఘవ్యాధుల మాట అటుంచి, పొగ త్రాగు పాఠకులకు నేను విన్నవించునది ఒక్కటి: చివరి సిగరెట్టు ఆర్పిన నాలుగైదు గంటలకు రక్తమందలి మోనాక్సైడు సగమగును, ఒకటి రెండు దినములలో దాదాపు పూర్తిగా తొలగిపోవును.