అమెరికా కాలేజీల్లో ఇంగ్లీష్ వ్యాసం: ఎంఎల్ఏ పద్ధతి అంటే ఏమిటి?

అమెరికాలో డిగ్రీ చదవడానికి వెళ్లే మన విద్యార్థులకు మొదటి సంవత్సరం ఇంగ్లీష్ క్లాసులో ఎదురయ్యే మాట 'ఎంఎల్ఏ ఫార్మాట్'. దీనికి మన శాసనసభ్యులతో సంబంధం లేదు. ఎంఎల్ఏ అంటే మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్. భాషా సాహిత్య అధ్యాపకుల కోసం 1883లో ఏర్పడిన ఈ సంస్థ 1951లో ఒక చిన్న నియమావళి ప్రచురించింది. 1977 నుంచి అది హ్యాండ్‌బుక్‌గా వస్తోంది. 9వ ఎడిషన్ 2021లో వెలువడింది. మనస్తత్వశాస్త్రం వంటి సబ్జెక్టుల్లో ఏపీఏ, చరిత్రలో షికాగో పద్ధతులు ఎక్కువగా వాడతారు.

పేజీ ఎలా ఉండాలి?

కాగితం 8.5 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు ఉండాలి. మన కంప్యూటర్లలో సాధారణంగా ఉండే ఏ4 సైజును ముందే 'లెటర్'కు మార్చుకోవాలి. నాలుగు వైపులా అంగుళం మార్జిన్ వదలాలి. అక్షరాలు సులువుగా చదవగలిగే ఫాంటులో, 11 నుంచి 13 పాయింట్ల మధ్య ఉండాలి. వ్యాసమంతా డబుల్ స్పేసింగ్‌లోనే సాగాలి. ప్రతి పేరా మొదటి వరుస అరంగుళం లోపలి నుంచి మొదలవుతుంది.

విడిగా అట్టపేజీ అక్కర్లేదు. మొదటి పేజీలో ఎడమవైపు పైన విద్యార్థి పేరు, అధ్యాపకుడి పేరు, కోర్సు, తేదీ వరుసగా రాయాలి. ఆ కింద మధ్యలో శీర్షిక పెట్టాలి. దాన్ని బోల్డ్ చేయకూడదు, కింద గీత గీయకూడదు. ప్రతి పేజీకి కుడివైపు పైన ఇంటిపేరు, పేజీ సంఖ్య ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంత పేరు తారుమారైన తెలుగు విద్యార్థులు కాలేజీ రికార్డులో ఉన్న పేరునే వాడితే గందరగోళం ఉండదు.

ఎవరి మాట ఎవరిది?

ఈ పద్ధతిలో అసలు కీలకం మార్జిన్లు కాదు, మూలాలు చెప్పే తీరు. ఆర్.కె. నారాయణ్ 'ది గైడ్' 45వ పేజీలోని వాక్యం వాడితే, దాన్ని కొటేషన్ గుర్తుల్లో ఉంచి, చివర బ్రాకెట్లలో 'నారాయణ్ 45' అని రాయాలి. మధ్యలో కామా ఉండదు. అదే విషయాన్ని సొంత మాటల్లో చెప్పినా మూలం చెప్పాల్సిందే. మన విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వచనం నాలుగు వరుసలు దాటితే కొటేషన్ గుర్తులు తీసేసి, మొత్తం భాగాన్ని అరంగుళం లోపలికి జరపాలి.

చివర కొత్త పేజీలో 'వర్క్స్ సైటెడ్' జాబితా వస్తుంది. ఇది రచయితల ఇంటిపేర్ల అక్షరక్రమంలో ఉంటుంది. ఒక్కో వివరంలో మొదటి వరుస అంచు నుంచి, మిగతావి అరంగుళం లోపలి నుంచి మొదలవుతాయి. పుస్తకాల పేర్లు ఇటాలిక్స్‌లో, కథలు, వ్యాసాల పేర్లు కొటేషన్లలో రాస్తారు. చాట్‌జీపీటీ వంటి సాధనాలను ఉదహరించే తీరుపై ఎంఎల్ఏ 2023లో సూచనలు ఇచ్చింది. వాటిని రచయితగా చూపకూడదన్నది అందులో ముఖ్యమైనది. అసలు వాటిని వాడొచ్చా లేదా అన్నది అధ్యాపకుడి నిర్ణయం.

తప్పితే ఏమవుతుంది?

మార్జిన్ తప్పితే కొన్ని మార్కులు పోతాయి. మూలం చెప్పకపోతే కాపీ కొట్టినట్టే లెక్క. అది ఆ కోర్సులో ఫెయిల్‌తో ఆగొచ్చు, సస్పెన్షన్ దాకా వెళ్లొచ్చు. సస్పెన్షన్ పడితే ఎఫ్-1 వీసా హోదాకే ముప్పు.

భారత్‌లోనూ యూజీసీ 2018లో ఇలాంటి నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే మళ్లీ రాయమంటారు. 60 శాతం మించితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. అయితే మూలం సరిగ్గా చెప్పి ఉటంకించిన భాగాన్ని ఈ లెక్కలో కలపరు. అందుకే నోట్సు రాసుకునేటప్పుడే పుస్తకం పేరు, పేజీ సంఖ్య పక్కన వేసుకోవడం మేలు. గడువు ముందురోజు రాత్రి వెతుక్కుంటే అవి దొరకవు.