మందను నడిపించు శునకములు

తమిళనాటి రాజపాళయము పేరు చెప్పగానే, అచ్చట స్థిరపడిన తెలుగు రాజుకులస్థులును, వారి తెల్లని వేటకుక్కయు జ్ఞప్తికి వచ్చును. 2005లో భారత తపాలాశాఖవారు వెలువరించిన నాలుగు శునకజాతుల బిళ్లలలో ముధోలు కుక్కతోపాటు దీనికిని స్థానము లభించినది. వేటకుక్క పని తరుముట, పట్టుట. దక్కను పీఠభూమిలో కురుమలు, కురుబలు, ధనగరులు పెంచు కుక్కల పని ముఖ్యముగా తోడేళ్లనుండి మందను కాచుట. మందను నడిపించువాడు కాపరియే. ఆ పనిని సైతము కుక్కకు అప్పగించిన చరిత్ర ఇంగ్లండు, స్కాట్లండుల సరిహద్దు కొండలలో ప్రసిద్ధము.

ఆ కొండబీళ్లు విశాలములు, కాపరులు కొద్దిమంది, గొఱ్ఱెలు వందలకొలది. 1873లో వేల్సునందలి బాలాలో జరిగిన గొఱ్ఱెకుక్కల పోటీలు బ్రిటనులో మొదటివిగా పేరొందినవి. 1893లో నార్తంబర్లండున ఆడం టెల్ఫర్ అను నాతని యొద్ద హెంప్ అను కుక్క పుట్టినది. తండ్రి రాయ్ సౌమ్యమైనది. తల్లి మెగ్ బిడియము గలదైనను తీక్ష్ణమైన చూపు గలది. హెంప్ మొరుగక, ఒదిగి నడచుచు, చూపుతోనే మందను కదలించెడిది. 1901లో అది మరణించినను, నేటి బార్డర్ కోలీ జాతికి అదియే మూలముగా ఎన్నబడుచున్నది. 1906లో గొఱ్ఱెకుక్కల అంతర్జాతీయ సంఘము ఏర్పడినది.

ఇందలి మర్మమేమి? వేటజంతువు చూచును, పొంచును, తరుమును, పిదప కరచును. కాపరులు తరతరములుగా ఏరి పెంచి, చూపును పొంచుటను నిలిపి, కరచుటను అణచిరి. ప్రతి గొఱ్ఱెకును ఒక బెదురుహద్దు కలదు. ఆ హద్దు అంచున కుక్క నిలిచినచో గొఱ్ఱె మెల్లగా కదలును. లోనికి దూకినచో పరుగెత్తును. వెనుకకు తగ్గినచో ఆగి మేయును. మనము ఎగతాళిగా ‘గొఱ్ఱెదాటు’ అందుము. తెలిసిన కాపరికి అదియే సాధనము. ముందరి నాలుగింటిని మరలించినచో తక్కినవి వెంట వచ్చును.

బెదరిన మంద మేత మాని ఒకచోట గుమిగూడి పచ్చికను త్రొక్కివేయును. చూడి గొఱ్ఱెలు ఈచుకొనిపోవుటయు కలదు. నెమ్మదిగా నడచిన మంద విరివిగా పరచుకొని మేయును. మేసిన గడ్డి మరల ఎదుగుటకు తగినంత విశ్రాంతి కావలెనని ఫ్రాన్సు దేశీయుడు ఆండ్రే వాజాన్ 1957లో వెలువడిన తన గ్రంథమున వివరించెను. విశ్రాంతి ఇయ్యవలెనన్న, మందను వేళకు కదలింపవలెను. కంచె లేనిచోట శాంతమైన కుక్కయే కదలెడి కంచె.

మన పల్లెలలో మేతబీళ్లు నానాటికి తగ్గుచున్నవి. అందులకై పరదేశపు కుక్కను తెచ్చుకొన నక్కరలేదు. కఱ్ఱ ఎత్తి అదలించుటకంటె, జీవము కదలినంతనే ఒక అడుగు వెనుకకు వేయుట మేలు. ఈ పాఠము కుక్కకంటె ముందు కాపరి నేర్వదగినది. మిగిలిన పచ్చిక నిలుచుటయు, దానిపై ఆధారపడిన కాపరి బ్రతుకు నిలుచుటయు ఆ ఓర్పులోనే ఉన్నవి.