వెనక పేరు లేని ఫోటోలు

ఫోటో తీసే విద్య 1839లో పారిస్‌లో లోకానికి వెల్లడైంది. ఆ మరుసటి ఏడాదికే కలకత్తా చేరింది. మన ఇళ్లలో ఆడవాళ్ల దాకా రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందన్న భయం ఒకటి, పరాయి మగవాడి ఎదుట కూర్చోవాలన్న సంకోచం ఇంకొకటి.

ఆ రెండోదానికి మన హైదరాబాదులోనే ఒక ఉపాయం దొరికింది. ఉత్తరాదిన సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. ఆయన 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. నూట ముప్ఫై ఏళ్ల కిందట ఆడవాళ్ల ఫోటో ఆడవాళ్లే తీసే చోటు మన ఊళ్లో ఉందంటే నాకు భలే ముచ్చటేసింది. దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. రాజాస్థానపు ఫోటోలు కాబట్టి ఓ సంస్థ పూనుకుంది. మన బీరువా అడుగున చీరల మడతల్లో ఉన్నవాటికి ఎవరు పూనుకుంటారు? మనమే.

మామూలు ఇళ్లకి ఫోటో అంటే ఊళ్లో స్టూడియోనే. వెనక తోట బొమ్మ వేసిన తెర, పక్కన పూలకుండీ పెట్టిన ఎత్తుపీట. మన ఆడపిల్లలకి పూలజడ వేసి, జడ కూడా కనబడేలా వెనక అద్దం పెట్టి తీయించేవారు కదా, ఆ ఫోటో లేని తెలుగిల్లు తక్కువ. తర్వాత పెళ్లి సంబంధానికి పంపే ఫోటో. అక్కడితో చాలామందికి ఒంటరిగా తీయించుకున్న ఫోటోలు అయిపోయేవి. ఇక గ్రూపు ఫోటోల్లో ఓ మూల కనబడటమే.

స్కానింగ్ మొదలుపెడితే ముందు పాతవాటిని తీస్తాం. నేనైతే రంగు ఫోటోలే ముందంటాను. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ నిలిచేది వెండి రేణువులతో. సరిగ్గా కడిగిన ప్రింటయితే తరాలు ఉంటుంది. రంగు ఫోటోలో ఉన్నవి అద్దకాలు. డెబ్భైలు, ఎనభైల నాటి ప్రింట్లలో నీలి అద్దకం చీకట్లో దాచినా వెలిసిపోతుంది, అందుకే అవి ఎర్రబారతాయి. మా అత్తయ్యగారి పెళ్లి ఫోటో ఇప్పటికీ నిగనిగలాడుతుంటే, నా మొదటి పుట్టినరోజు ఫోటోలో కేకూ నేనూ గోడా అన్నీ ఇటిక రంగే.

జిగురు పేజీల మీద ప్లాస్టిక్ కాగితం ఉండే ఆల్బమ్‌లోంచి ఫోటోని లాగితే చిరుగుతుంది. ప్లాస్టిక్ ఎత్తి పేజీ పళంగా స్కాన్ చేయండి. ఫ్రేము అద్దానికి అతుక్కున్నదాన్ని అద్దంతోనే చేయండి. చిన్న ఫోటోలకి 600 డీపీఐ పెట్టండి. పిల్లల పలకలు, బారసాల కార్డులు, మొదటి గౌను లాంటివాటిని కిటికీ పక్కన పగటి వెలుతురులో ఫోన్‌తో తీస్తే చాలు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపాలి, లేకపోతే నాణ్యత తగ్గిపోతుంది. మూడు కాపీలు ఉంచుకోండి, ఒకటి వేరే ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర.

ఫోటో వెనకవైపు కూడా స్కాన్ చేయడం మర్చిపోవద్దు. మా ఇంట్లో 1936 నాటి గ్రూపు ఫోటో ఒకటుంది, పద్నాలుగు మంది. వెనక సిరాతో తొమ్మిది మంది మగవాళ్ల పేర్లు, ఉద్యోగాలతో సహా. ఐదుగురు ఆడవాళ్లకి కలిపి ఒకటే మాట: ‘స్త్రీలు’.

ఆ ఫోటోని లాప్‌టాప్‌లో పెద్దది చేసి మా అత్తయ్యగారికి చూపించాను. ఆవిడకి ఎనభై దాటాయి, కాగితం మీద బొమ్మ ఆనదు, తెర మీద బాగా కనబడుతుంది. నలుగురిని చకచకా చెప్పేశారు. ఎడమ చివర కూర్చున్న పదహారేళ్ల పిల్ల దగ్గర ఆగిపోయారు. రెండ్రోజుల తర్వాత పప్పు ఏరుతూ ఏరుతూ అన్నారు:

“ఆవిడ మీ మావయ్యగారి నాన్నగారి మొదటి భార్య, అమ్మాయ్. పురిట్లో పోయిందట. నేను కాపరానికొచ్చిన కొత్తలో మా అత్తగారు ఈ ఫోటో చూపించి చెప్పింది. పూజలో ఆవిడకీ ఓ పువ్వు పెట్టేది.”

తాతగారికి ఒక మొదటి భార్య ఉండేదన్న సంగతే మావారికి తెలియదు. సవతి చెప్పి ఉంచింది, కోడలు గుర్తుపెట్టుకుంది. ఎనభై ఏళ్ల పైచిలుకు ఆ పేరు రెండు నోళ్ల మీద నిలిచింది.

పేరు అడిగి, ఆవిడ చెబుతున్నప్పుడే ఫోన్‌లో గొంతు రికార్డు చేసుకున్నాను. ఫైలు పేరులో ఏడాది, ఊరు, ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ పెట్టాను. అసలు ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా ‘స్త్రీలు’ కింద ఐదు పేర్లూ రాశాను. బాల్‌పెన్ వాడకండి, గీత ముందువైపుకి పొడుచుకొస్తుంది.

ఇంకా నలభై దాకా ఉన్నాయి. రోజూ సాయంత్రం సీరియల్‌కి ముందు రెండేసి చూపిస్తున్నాను, అంతకంటే ఎక్కువైతే ఆవిడ అలిసిపోతున్నారు. నిన్నటి దాంట్లో చంటిపిల్లని ఎత్తుకున్నావిడ ఎవరో గుర్తు రాలేదు. గుంటూరులో ఉన్న పెద్దాడపడుచుని అడగమన్నారు. ఆవిడకి తొంభై. ఈ ఆదివారం వెళ్తున్నాం.