తాతగారి ఆవర్జా: నూజివీడు పక్క ఊళ్ళో ఒక కిరాణా కొట్టు లెక్కలు

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది అడిగారు, కోటలు, జమీందార్లు సరే, మామూలు జనం చరిత్ర ఎప్పుడు చెప్తావు అని. ఇదిగో, ఇవాళ అదే. నా చేతిలో ఉన్నది మా ముత్తాతగారి కొట్టు పుస్తకం. నూజివీడు దగ్గర మా ఊళ్ళో పాత ఇల్లు సర్దుతుంటే అటక మీద రెండు దొరికాయి. ఒకదాని మీద ధాత నామ సంవత్సరం అని ఉంది, అంటే 1936–37. రెండోది హేవళంబి, 1957–58.

కొట్లో రెండు రకాల పుస్తకాలు ఉండేవి. రోజంతా జరిగిన బేరాలు వరసగా రాసుకునేది చిట్టా. రాత్రి దీపం ముందు కూర్చుని అందులోంచి ఎవరి పేరు కింద వాళ్ళవి ఎక్కించేది ఆవర్జా. నా దగ్గరున్నవి ఆవర్జాలు. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. నేను నాలుగేళ్ళు డేటాబేస్‌ల మీద పనిచేసినవాణ్ణి. లాగ్ వేరు, టేబుల్ వేరు అని ట్రైనింగ్‌లో నెల రోజులు చెప్పారు. మా ముత్తాతకి అది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మొదట్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అంకెల పక్కన నిలువు గీతలు, అడ్డగీతలు. పిల్లలెవరో గీశారేమో అనుకున్నా. తర్వాత తెలిసింది, అవి తెలుగు భిన్నాంకాలు. నిలువు గీత ఒక్కోటి పావు, అడ్డగీత ఒక్కోటి అందులో మళ్ళీ పావు, అంటే పదహారో వంతు. రూపాయికి 16 అణాలు కాబట్టి లెక్క చక్కగా కుదురుతుంది. ౺౾ అని ఉంటే రెండు పావలాలు, మూడు అణాలు, మొత్తం 11 అణాలు. ఈ గుర్తులు 2008లో యూనికోడ్ 5.1లోకి కూడా వచ్చాయి. అంటే మీ ఫోన్‌లో ఫాంట్ ఉంటే కనిపిస్తాయి. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు, నిజంగా.

తూకాలూ అంతే. 40 పలాలు ఒక వీశ, 8 వీశెలు ఒక మణుగు. వీశ అంటే సుమారు 1.4 కిలోలు. బెల్లం, చింతపండు వీశెల్లో, ధాన్యం కుంచాల్లో. హేవళంబి పుస్తకంలో ఇంకో తమాషా ఉంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అణా అంటే ఆరుంపావు పైసలు, కానీ పావు పైసా నాణెం లేదుగా. అందుకని అణాకి 6, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి సరిగ్గా 25. మీరు అణా సరుకు నాలుగుసార్లు విడివిడిగా కొంటే 24 పైసలే, పావలా సరుకు ఒకేసారి కొంటే 25. రౌండింగ్ ఎర్రర్! ఆ ఏడాది మా ముత్తాత అణాల్లో రాసి, పక్కన పైసల్లో రాసి, కొట్టేసి మళ్ళీ రాశాడు.

సరే, అసలు విషయానికి వస్తా.

ధాత పుస్తకంలో ఒక రైతు పేరు మీద నాలుగు పేజీలున్నాయి. పేరు చెప్పను. ఖర్చు వైపు ఉప్పు, కిరసనాయిలు, మిరపకాయలు, పొగాకు, పెళ్ళికి బట్టలు. డబ్బు ఇచ్చినట్టు ఏడాది పొడుగునా రెండు మూడు చోట్లే ఉంది. జమ అంతా వేసవిలోనే పడింది, రసాలు వందల లెక్కన. అంటే తోట కాపే ఆయన నగదు. ఇది మన దగ్గరే కాదు. 1750ల చివర్లో అమెరికాలో, వర్జీనియాలోని కోల్చెస్టర్‌లో అలెగ్జాండర్ హెండర్సన్ అనే స్కాట్లండ్ వ్యాపారి నడిపిన కొట్టు లెడ్జర్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి రైతులు గుడ్డ, పనిముట్లు అరువు తీసుకుని పొగాకుతో తీర్చేవాళ్ళు. మామిడి బదులు పొగాకు, అంతే తేడా.

అయితే ఆ పంటకి రేటు ఎవరు కట్టారు? ఇక్కడే నేను ఆగిపోయా. ఒకే తేదీన, ఒకే రసాలకి, బాకీ లేని ఇంకో రైతుకి ఒక రేటు, ఈయనకి వందకి మూడణాలు తక్కువ. మూడుసార్లు చూశా. మా పెద్దమ్మకి చూపిస్తే, "వాళ్ళ కాయ చిన్నదేమోరా" అంది. అయ్యుండొచ్చు. కానీ బాకీ ఉన్న నలుగురి కాయా చిన్నదేనా?

చట్టానికి ఈ సంగతి తెలుసు. 1872 సాక్ష్యాల చట్టం 34వ సెక్షన్ ప్రకారం వ్యాపారి లెక్క పుస్తకం సాక్ష్యంగా చెల్లేది, కానీ అదొక్కటే చూపించి ఎవరినీ బాకీదారు అని తేల్చడానికి వీలుండేది కాదు. రాసేవాడు ఒకడే కదా మరి. తర్వాత 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు వ్యవసాయదారుల రుణవిమోచన చట్టం తెచ్చింది. మనది అప్పుడు మద్రాసు రాజధానిలోనే ఉంది. 1932 అక్టోబరుకి ముందు అప్పయితే 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దు, అసలుకి రెట్టింపు ఇప్పటికే కట్టేసి ఉంటే మొత్తం అప్పే చెల్లు. ఆ రైతు నాలుగో పేజీ అడుగున, వేరే సిరాతో రెండే మాటలున్నాయి: "అసలు మాత్రం". మా ముత్తాత సంతోషంగా రాశాడని నేననుకోను. అక్షరాలు కాగితాన్ని చింపేంత నొక్కి ఉన్నాయి.

ఈ పేజీ స్క్రీన్ మీద చూపిస్తానంటే మా ఇంట్లో గొడవైంది. "తాత పరువు యూట్యూబ్‌లో పెడతావా" అన్నారు. నేను ఆ రైతు మునిమనవడికి ఫోన్ చేశా. ఇంటర్ దాకా నా క్లాస్‌మేటే. ఇప్పుడు వాడికీ తోట ఉంది, పూత మీదే అడ్వాన్సు తీసుకుని కాయ ఆ కమీషన్ వ్యాపారికే వేస్తాడు. కొట్టు బాకీలు మాత్రం ఖాతాబుక్ యాప్‌లో ఉంటాయి, మెసేజ్ వాడి ఫోన్‌కీ వస్తుంది.

అంతా విని, "మా దగ్గరా లెక్క ఉండేదిరా," అన్నాడు. వాళ్ళ ముత్తవ్వకి చదువు రాదు. కొట్టుకి వేసిన ప్రతి వంద కాయలకీ వంటింటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేదట. సున్నం వేసినప్పుడు కూడా ఆ మూల వదిలేసేవాళ్ళట. 2011లో ఆ ఇల్లు పడగొట్టి డాబా వేశారు.

"ఫోటో ఏమైనా ఉందా?" అని అడిగా.

"గోడకి ఎవడు తీస్తాడురా ఫోటో," అన్నాడు.