గాజుతొట్టెలో సముద్రగుర్రం

1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల గృహం వెలసి, మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ గ్రంథం ‘ది అక్వేరియం’ వెలువడిన తరువాత, సముద్రజీవులను గాజుతొట్టెలో పెంచే అభిరుచి బ్రిటన్ ఇళ్లలో వేగంగా వ్యాపించింది. సముద్రగుర్రం మాత్రం చాలాకాలం ఆ తొట్టెలలో నిలదొక్కుకోలేకపోయింది. పళ్లు గాని జీర్ణాశయం గాని లేని ఈ చేప, గొట్టంలాంటి మూతితో క్రస్టేషియన్లను, అంటే రొయ్యలు చేరిన వర్గపు చిరుజీవులను, పీల్చి మింగుతుంది. మింగినది పేగులో నిలవక త్వరగా సాగిపోతుంది కనుక దానికి రోజుకు పలుమార్లు మేత కావాలి. పైగా సముద్రంలో పట్టినది సాధారణంగా కదిలే ఎరను తప్ప ఆహారంగా గుర్తించదు. అందువల్ల తొట్టెలో మేత వేసినా అది పస్తులతో చనిపోయేది.

ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో అమెరికాలో, అంగుళం మేర పెరిగే ఫ్లోరిడా మరుగుజ్జు జాతిని పత్రికా ప్రకటనల ద్వారా తపాలాలో అమ్మేవారు. ఆర్టీమియా అనే ఉప్పునీటి జీవి గుడ్లను పొదిగించి, అప్పుడే పుట్టిన పిల్లలను వాటికి మేతగా వేసేవారు. నేడు ఆంధ్ర తీరంలోని రొయ్యల హేచరీలు వాడేదీ ఆర్టీమియానే.

ఏటా సుమారు 2 కోట్ల సముద్రగుర్రాలు, ప్రధానంగా చైనా సంప్రదాయ వైద్యం కోసం, వాణిజ్యంలోకి వెళుతున్నాయని 1996లో సముద్రగుర్రాల పరిశోధకురాలు అమాండా విన్సెంట్ అంచనా కట్టారు. వన్యజీవుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో వీటిని చేర్చాలని 2002లో సాంటియాగో సమావేశం నిర్ణయించగా, 2004 మే 15 నుంచి అది అమలులోకి వచ్చింది. అయితే ఇంటి తొట్టె విషయంలో అసలు మార్పు తెచ్చినది చట్టం కన్న మేతే. టాస్మేనియాలోని బ్యూటీ పాయింట్, హవాయిలోని కోనా వంటి చోట్ల నెలకొన్న పెంపక కేంద్రాలు పిల్లలను చిన్ననాడే గడ్డకట్టించిన మైసిస్‌కు, అనగా రొయ్యను పోలిన సన్నని జీవికి, అలవాటు చేశాయి.

కనుక కొనేవారు చేప తమ కళ్ల ముందే ఆ మేత తినడం చూడాలి; పొట్ట లోపలికి పోయి ఉంటే వదిలివేయాలి. ‘పెంచినవి’ అనే మాట కూడా చాలదు, ఎందుకంటే సముద్రపు నీటిలో వలల పంజరాలలో పెరిగినవి అక్కడి రోగక్రిములను మోసుకువచ్చే అవకాశం ఉంది. ఆడ, మగ జంటగా పైకి లేస్తూ గుడ్లను మగదాని సంచిలోకి మార్చుకుంటాయి కాబట్టి, తొట్టెకు వెడల్పు కంటె ఎత్తు ముఖ్యం. సుమారు 45 సెంటీమీటర్లు ఉండాలి. తోకతో పట్టుకోవడానికి కొమ్మలవంటి ఆధారాలు, నెమ్మదైన నీటి ప్రవాహం అవసరం. వెచ్చని నీటిలో విబ్రియో అనే బ్యాక్టీరియా విజృంభిస్తుంది కనుక ఉష్ణమండల జాతులకైనా ఉష్ణోగ్రత 24 డిగ్రీలు దాటనీయరు. చురుకైన చేపలను జతచేస్తే మేతంతా వాటి పాలవుతుంది.

ఇలా కొని ఇంట్లో పెంచుకునే అవకాశం విదేశాలలోని తెలుగువారికి ఉన్నా, భారతదేశంలో సముద్రగుర్రాలు 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరినందున ఇక్కడ వాటిని పట్టడం, అమ్మడం నేరం.