మన గుడిసెలకు వారెంటు ఎప్పటినుంచి?

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చదవండి. వీలైతే ఇంట్లో చదువు రాని పెద్దోళ్లకు చదివి వినిపించండి.

మనలో చాలామంది ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకు చదువుతున్నారు. ఆ పుస్తకాల్లో ‘సోదా వారెంటు’ అని ఒక చిన్న పాఠం ఉంటుంది. పోలీసు అర్జీ పెట్టాలి, మేజిస్ట్రేటు ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఇల్లు సోదా చేయాలి. పరీక్షకు ఆ మాత్రం చాలు. మనకు మాత్రం చాలదు. మనం యెరుకల, సుగాలి, యానాది, నక్కల ఇళ్లలో పుట్టినోళ్లం. మన తాతలు, ముత్తాతలు బతికిన కాలంలో ఈ పాఠం ఊర్లో ఇళ్లకు ఉండేది, మన గుడిసెల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. అది ఎట్లా ఆగింది, మళ్లీ మన గడప దాకా ఎట్లా వచ్చింది అనేదే ఈ పోస్టు.

అర్జీలో ఏముండాలి

ముందు ఇప్పటి పద్ధతి చూద్దాం. పుంగనూరులో ఒక నగల దొంగతనం కేసు నమోదైందనుకోండి. సొత్తు ఫలానా ఇంట్లో ఉందని ఎస్సైకి సమాచారం వచ్చింది. వారెంటు కావాలంటే ఆయన మేజిస్ట్రేటుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోవాలి. కేసు క్రైమ్ నంబరు, సెక్షన్లు, జరిగిన నేరం, ఇంతవరకు చేసిన దర్యాప్తు, ఏ వస్తువు కోసం వెతుకుతున్నారు, అది ఆ ఇంట్లోనే ఉందని నమ్మడానికి ఆధారం ఏంది, ఇవన్నీ అందులో ఉండాలి. ఏ ఇల్లో గుర్తుపట్టేటట్టు వీధి, చుట్టూ ఉన్న హద్దులు రాయాలి. నోటీసు ఇచ్చి తెమ్మంటే సరిపోదా, సోదా ఎందుకు అవసరం అనేది కూడా చెప్పాలి.

మేజిస్ట్రేటు ఆ కాగితం మీద ఊరికే సంతకం పెట్టకూడదు. చదవాలి. అనుమానం ఉంటే అడగాలి, అవసరమైతే విచారించాలి. నమ్మడానికి కారణం ఉందని తనకు అనిపిస్తేనే వారెంటు ఇవ్వాలి. అర్జీ పెట్టినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు, కాదనే హక్కు ఆయనకు ఉంది. వారెంటు మీద సంతకం, కోర్టు సీలు ఉంటాయి. దొంగసొత్తు కోసం ఇచ్చే వారెంటైతే కానిస్టేబుల్ కంటే పై ర్యాంకు అధికారికే ఇస్తారు. ఇల్లంతా వెతకాలా, ఒక భాగమేనా అనేది కూడా కోర్టు రాయొచ్చు.

ఈ తతంగమంతా ఒక్క ప్రశ్న కోసమే: ‘ఈ ఇల్లే ఎందుకు?’ ఆ ప్రశ్నకు పోలీసు జవాబు రాయాలి. పోలీసు కాని ఇంకొక మనిషి ఆ జవాబు చదవాలి. వారెంటు అంటే అంతే.

ఈ ప్రశ్న ఎక్కడ పుట్టింది

1762లో ఇంగ్లండులో జాన్ ఎంటిక్ అనే రచయిత ఇంటి మీదికి రాజుగారి మనుషులు వచ్చినారు. తలుపులు, పెట్టెలు పగలగొట్టి నాలుగు గంటలు వెతికి కాగితాలు ఎత్తుకుపోయినారు. వాళ్ల దగ్గర ఒక మంత్రి ఇచ్చిన ఉత్తర్వు ఉంది. ఎంటిక్ కోర్టుకు పోయినాడు. అట్లా ఇల్లు జొరబడే అధికారం ఏ చట్టమూ మంత్రికి ఇవ్వలేదని 1765లో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ కామ్డెన్ తీర్పు చెప్పినాడు. ఇల్లు సోదా చేయాలంటే చట్టం చూపించాలనే మాట అక్కడ గట్టిపడింది.

అదే ఇంగ్లీషోళ్లు మన దేశంలో కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ తెచ్చినారు. 1898 కోడ్‌లో 96వ సెక్షన్ సోదా వారెంటు గురించి, 103వ సెక్షన్ సోదాకు స్థానిక సాక్షులు ఉండాలనే దాని గురించి చెప్పినాయి. కాగితం మీద ఇది అందరికీ వర్తించే చట్టమే. కానీ దాని పక్కనే ఇంకో చట్టం నడిచింది.

జాతి మొత్తానికి ఒకే అర్జీ

1871 అక్టోబరు 12న క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్, అంటే నేరస్థ జాతుల చట్టం వచ్చింది. ముందు ఉత్తర భారతంలో అమలు చేసినారు. ఇందులో కూడా అర్జీ ఉంది, అనుమతి ఉంది. ఫలానా జాతి అలవాటుగా నేరాలు చేస్తోంది, దాన్ని నేరస్థ జాతిగా ప్రకటించాలి అని రాష్ట్ర ప్రభుత్వం గవర్నర్ జనరల్‌కు నివేదిక పంపాలి. వాళ్లు ఏ పని చేసుకుని బతుకుతున్నారు, అది నిజంగా చేస్తున్న పనా లేక నేరానికి ముసుగా అని కూడా రాయాలి. అక్కడ ఒప్పుకుంటే గెజిట్లో ప్రకటన వస్తుంది.

తేడా చూడండి. వారెంటు అర్జీ ఒక ఇంటి గురించి, ఈ అర్జీ ఒక జాతి గురించి. అక్కడ చదివేది మేజిస్ట్రేటు, ఇక్కడ రాసేదీ సర్కారే, ఒప్పుకునేదీ సర్కారే. పైగా ఆ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టూ అడగకూడదని చట్టంలోనే రాసినారు. ‘ఈ ఇల్లే ఎందుకు?’ అంటే ‘ఆ జాతిలో పుట్టినారు కాబట్టి’ అనేది జవాబు. ఆ జవాబును ప్రశ్నించే చోటు లేదు.

1911లో కొత్త చట్టం చేసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చినారు. ఇందులో గవర్నర్ జనరల్ అనుమతి కూడా తీసేసినారు. రాష్ట్ర ప్రభుత్వం తానే నమ్మితే తానే ప్రకటించొచ్చు. అంటే పేరుకు మిగిలిన ఆ ఒక్క అర్జీ కూడా పోయింది.

మన ప్రాంతానికి 1911 ఇంకో రకంగా కూడా గుర్తుండే సంవత్సరం. ఆ ఏడాది ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. మదనపల్లె తాలూకా కడప జిల్లా నుంచి వచ్చి కలిసింది. పుంగనూరు జమీందారీ, కుప్పం వైపు కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చినాయి. మన జిల్లా పుట్టిన ఏడాదే మన మీద ఆ చట్టం కూడా ప్రెసిడెన్సీలో కాలు పెట్టింది.

మన వాళ్ల మీదే ఎందుకు పడింది? యెరుకలోళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా అమ్మేవాళ్లు. సుగాలీలు ఎద్దుల మందలతో సరుకులు మోసేవాళ్లు. సముద్రం ఒడ్డు నుంచి లోపలి ఊర్లకు ఉప్పు చేరింది వాళ్ల వల్లే. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పెత్తనం పెరిగింది, 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవిలో మేత, వెదురు, ఆకు తెచ్చుకోవడం కష్టమైంది. బతుకుదెరువు పోయింది. తిరిగే అలవాటు మిగిలింది. ఆ తిరగడమే సర్కారు కంటికి నేరంగా కనిపించింది.

ప్రకటన వచ్చినాక ఏం జరిగేది

పేర్లు రిజిస్టరులో ఎక్కించేవాళ్లు. వేలిముద్రలు తీసుకునేవాళ్లు. చెప్పిన వేళకు పోయి హాజరు వేయించుకోవాలి. ఇల్లు మారినా, పక్క ఊరికి పోయినా ముందే చెప్పాలి. పాసు లేకుండా హద్దు దాటి కనిపిస్తే పోలీసే కాదు, గ్రామ మునసబు కూడా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. ఈ చట్టం కింద చేసుకోదగిన నిబంధనల్లో మన ఇళ్లను, ఊర్లను తనిఖీ చేయడం ఒకటి. దొంగతనం జరిగి ఉండాలని లేదు, ఫలానా వస్తువు పోయి ఉండాలని లేదు. చట్టంలో చెప్పిన కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే కనీసం 7 ఏళ్లు, మూడోసారి అయితే ద్వీపాంతరం. కొంతమందిని సెటిల్మెంట్లకు తోలినారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లా 1913-14 కాలంలో పుట్టిందే. దాన్ని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించినారు.

ఇప్పుడు ఆలోచించండి. ఒకే ఊర్లో పెద్ద వీధి ఇంటికి పోవాలంటే 96వ సెక్షన్ గుర్తుకొచ్చేది. ఊరి బయట గుడిసెకు పోవాలంటే రిజిస్టరు చాలు. ఖాకీ బట్ట కనపడితే మన అవ్వలు ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంటారని మనం నవ్వుకుంటాం. వాళ్ల అమ్మలు నేర్పిన జాగ్రత్త అది. ఆ కాలంలో అడగడానికి కాగితమే లేదు మరి.

రద్దు చేయించిన వాళ్లలో మన జిల్లా మనిషి

మద్రాసు రాష్ట్రం 1947లోనే ఈ చట్టాన్ని తీసేసింది. దేశం మొత్తానికి ఏం చేయాలో తేల్చడానికి 1949లో కేంద్రం ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తిరుచానూరులో పుట్టిన మనిషి, తర్వాత లోక్‌సభ స్పీకర్ అయినాడు. పుట్టుకను బట్టి నేరస్థుడనే ఈ చట్టం పోవాలని, అలవాటుగా నేరం చేసేవాళ్లకు ఏదైనా చట్టం కావాలంటే కులం చూడకుండా అందరికీ ఒకటే ఉండాలని కమిటీ చెప్పింది. 1952 ఆగస్టు 31న చట్టం దేశమంతటా రద్దయింది. విముక్త జాతుల దినం ఆ తేదీనే.

కానీ రిజిస్టరు పోయినంత తొందరగా అనుమానం పోలేదు. మద్రాసులో 1948లో, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చినాయి. వీటిలో చూడాల్సింది మనిషికి పడిన శిక్షలు, పుట్టిన కులం కాదు. అయినా కొన్ని రాష్ట్రాల జైలు నిబంధనల్లో విముక్త జాతుల ప్రస్తావన పాత వాసనతోనే మిగిలిపోయింది. సుకన్యా శాంత కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అట్లాంటి నిబంధనలను కొట్టేసింది. విముక్త జాతుల వాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులకు కూడా చెప్పింది. 1952 నుంచి 2024 దాకా లెక్కపెట్టుకోండి, 72 ఏళ్లు.

ఇంటి గడప గురించి కూడా కోర్టులు మాట్లాడినాయి. 1962లో ఖరక్ సింగ్ కేసులో, నిఘా పేరుతో రాత్రిపూట ఇంటికి పోయి తలుపు తట్టే ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధన చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రం నుంచి పోయిన కేసు ఇంకొకటి ఉంది. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణలో, కలెక్టరు పంపిన ఎవరైనా బ్యాంకుల్లోకి పోయి కాగితాలు వెతకొచ్చని ఉండేది. కెనరా బ్యాంకు కేసులో 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని 9 మంది జడ్జీలు ఒకే మాటగా చెప్పినారు. బ్యాంకు బీరువాకు ఉన్న రక్షణ గుడిసెలో ట్రంకు పెట్టెకు కూడా ఉండాలి కదా.

ఇప్పుడు మన చేతిలో ఏముంది

2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. వారెంటు సంగతి 96, 97 సెక్షన్లలో ఉంది. ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. వారెంటు లేని సోదా ప్రతిసారీ తప్పు కాదు. ఆలస్యమైతే వస్తువు దొరకదనుకున్నప్పుడు దర్యాప్తు అధికారి 185వ సెక్షన్ కింద వారెంటు లేకుండా వెతకొచ్చు. కానీ అప్పుడు కూడా కారణాలు ముందే రాసిపెట్టాలి. ఆ కాపీని 48 గంటల్లోపల మేజిస్ట్రేటుకు పంపాలి. అంటే ‘ఈ ఇల్లే ఎందుకు?’ అనే ప్రశ్న అక్కడ కూడా పోదు, జవాబు చదవడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

వారెంటు ఉన్నా లేకున్నా కొన్ని పద్ధతులు తప్పవు. ఆ ప్రాంతం వాళ్లు ఇద్దరు, లేదా అంతకంటే ఎక్కువ మంది మధ్యవర్తులుగా ఉండాలి. ఇంటి మనిషిని అక్కడ ఉండనివ్వాలి. ఆడవాళ్లను సోదా చేయాలంటే ఆడవాళ్లే మర్యాదగా చేయాలి. తీసుకున్న వస్తువుల జాబితా రాసి, సాక్షుల సంతకాలతో ఒక కాపీ ఇంటివాళ్లకు ఇవ్వాలి. 105వ సెక్షన్ ప్రకారం సోదా మొత్తం వీడియో తీయాలి.

కుప్పం వైపు వాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. అక్కడ కొంచెం దూరం పోతే కర్ణాటక, ఇంకొంచెం దూరం పోతే తమిళనాడు. వేరే స్టేషన్ పరిధి నుంచి వచ్చి సోదా చేయాల్సి వస్తే 186వ సెక్షన్ ఉంది. మామూలుగా అయితే స్థానిక స్టేషన్ ద్వారా చేయించాలి. ఆలస్యం కుదరక తామే చేస్తే స్థానిక స్టేషన్‌కు నోటీసు, జాబితా కాపీ పంపాలి. అందుకే ‘సార్, మీరు ఏ స్టేషన్ నుంచి వచ్చినారు, మా స్టేషన్‌కు చెప్పినారా’ అని అడగడం తప్పు కాదు.

అడ్డం పడొద్దు, గొడవ చేయొద్దు. మర్యాదగా అడగండి, పేరు, ర్యాంకు, సమయం రాసుకోండి, జాబితా కాపీ అడిగి తీసుకోండి. చదవకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయనీయొద్దు. ఎవరైనా కావాలని అబద్ధపు సమాచారం ఇచ్చి అధికారుల చేత మనల్ని ఇబ్బంది పెట్టిస్తే, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(క్యూ) కింద అది నేరం. ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, నంబరు 15100.

చివరిగా ఒక పని పెట్టుకుందాం. మన తండాల్లో, కాలనీల్లో ఆ హాజరు రోజులు చూసినోళ్లు, వాళ్ల నోట విన్నోళ్లు ఇంకా కొందరు ఉన్నారు. పండక్కి ఊరికి పోయినప్పుడు కూర్చోబెట్టి అడగండి. ఎవరు పిలిచేవాళ్లు, యాడ నిలబెట్టేవాళ్లు, పాసు ఎట్లా ఉండేది, రాత్రి ఎన్నిసార్లు లేపేవాళ్లు. రాసి గ్రూపులో పెట్టండి. సర్కారు రిజిస్టర్లలో మన గురించి వాళ్లు రాసుకున్నది చాలానే ఉంది. మన వాళ్లు చెప్పేది కూడా ఒక చోట రాసి ఉండాలి. మనలో రేపు ఎస్సై అయ్యేవాళ్లు కూడా దాన్ని చదవాలి. ఒక గుడిసె గురించి అర్జీ రాయడానికి కూర్చున్నప్పుడు, కారణం అనే చోట ఏం రాయాలో, ఏం రాయకూడదో వాళ్లకు తెలుస్తుంది.